నిండని ట్యాంకు

“మా ట్యాంకు కట్టి పదిహేనేండ్లాయె. ఇప్పటిదాంక ఒక్కసారి కూడ బండి పిలవలే.”

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, మేడ్చల్ పాత ఊరి వీధుల్లో గానీ, శామీర్‌పేట చుట్టూ పెరిగిన కాలనీల్లో గానీ ఇంటి యజమానిని మాటల్లో పెడితే ఎక్కడో ఒకచోట ఈ మాట దొర్లుతుంది. బోరు ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుందో చెప్పేటప్పటి గొంతే ఇక్కడా వినిపిస్తుంది. అద్దెకు దిగేవాడికి అది భరోసా. ఇల్లు కొనేవాడికి బేరంలో కలిసొచ్చే పాయింటు. కట్టిన మేస్త్రీకి మంచి పేరు. ఆరుగురు మనుషులు పదిహేనేళ్లు రోజూ వాడినదంతా ట్యాంకులో లేకపోతే మరెక్కడుందని మాత్రం ఎవరూ అడగరు.

సెప్టిక్ ట్యాంకు నిండడం జబ్బు కాదు, పని చేస్తోందనడానికి గుర్తు. మరుగుదొడ్డి నుంచి వచ్చిన నీరు అందులో ఒకటి రెండు రోజులు కదలకుండా నిలవాలి. నిలిస్తే బరువైనది అడుగుకు దిగి బురదవుతుంది. నూనె, సబ్బు జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది. మధ్యలో మిగిలిన నీరు రెండో గదిలోకి, అక్కణ్నుంచి బయటికి పోతుంది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు అడుగు బురదను కొంత కరిగిస్తాయి గానీ మొత్తం తినేయలేవు. అందుకే రెండు మూడేళ్లకోసారి దాన్ని తోడించాలి. తోడించకపోతే బురద మట్టం పెరిగి, నీరు నిలవడానికి చోటు తగ్గి, చివరికి మలం ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది.

ట్యాంకు దాటిన నీరు శుభ్రమైందనే భ్రమ కూడా చాలామందికి ఉంది. రోగక్రిములు అందులో బతికే ఉంటాయి. ట్యాంకు చేసేది తేర్చడం మాత్రమే. మిగతా శుద్ధి, ఆ నీరు ఇంకే గుంత (సోక్ పిట్టు) చుట్టూ ఉన్న మట్టిలో జరగాలి. ఆ మట్టి ఎంత మందం ఉంది, దాని కింద ఏముంది, పక్కన ఎవరి బోరు ఉంది అన్నవే అసలు లెక్కలు.

ఇక మనం ట్యాంకులని పిలిచేవాటిలో అసలు ట్యాంకులే కానివి బోలెడు. జేసీబీతో గుంత తీసి, సిమెంటు రింగులు దింపి, అడుగు వదిలేసి పైన బిళ్ల కప్పుతారు. ఇటుక గోడలు లేపిన చోట కూడా అడుగున కాంక్రీటు వేయకపోవడం మేస్త్రీల లెక్కలో ఒక తెలివి. ఖర్చు తగ్గుతుంది, గుంత నిండదు, యజమాని తిట్టడు. అడుగు వేసిన చోటేమో గోడ పైభాగం నుంచి నాలుగంగుళాల పైపు ఒకటి ఇంటి ముందు మోరీలోకి దిగుతుంది. మోరీ నాలాలోకి, నాలా చెరువులోకి. పదిహేనేళ్లు నిండని ట్యాంకుల రహస్యం దాదాపు ఎప్పుడూ ఈ రెండింటిలో ఒకటే.

పదిహేను నెలలు, మూడు చట్టాలు

ఈ గుంతల మీద పెత్తనం ఎవరిది? శామీర్‌పేటలో ఈ ప్రశ్నకు జవాబు నిలకడగా ఉండడం లేదు.

2016 అక్టోబరు దాకా అది రంగారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. ఆ నెలలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. తర్వాత కలెక్టరేటు కూడా శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లికే వచ్చింది. 2018లో చుట్టుపక్కల తూంకుంట, గుండ్లపోచంపల్లి, కొంపల్లి, దుండిగల్, నాగారం, దమ్మాయిగూడ మున్సిపాలిటీలైనా శామీర్‌పేట మాత్రం గ్రామపంచాయతీగానే మిగిలింది. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు శామీర్‌పేట, బొమ్మరాశిపేట, బాబాగూడ తూంకుంటలోకి, పూడూరు, రాయిలాపూర్ మేడ్చల్‌లోకి వెళ్లాయి. 2025 జనవరిలో అలియాబాద్, ముడుచింతలపల్లి, ఎల్లంపేట కొత్త మున్సిపాలిటీలై జిల్లాలో పంచాయతీ అన్నదే లేకుండా పోయింది. అదే ఏడాది డిసెంబరులో మేడ్చల్, తూంకుంట, గుండ్లపోచంపల్లి, కొంపల్లితో సహా 27 పట్టణ సంస్థలు హైదరాబాద్ మహానగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిశాయి.

అంటే శామీర్‌పేట పాత ఊళ్లో ఒకే ఇంటి వెనుక ఉన్న ఒకే గుంత పదిహేను నెలల వ్యవధిలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం, 1955 నాటి కార్పొరేషన్ చట్టం అనే మూడింటి కిందికీ వచ్చింది. గుంతలో మార్పేమీ లేదు. పంచాయతీ కార్యదర్శి దగ్గరున్న రిజిస్టరు మున్సిపల్ కమిషనర్‌కు, ఆయన దగ్గరున్న ఫైలు సర్కిల్ ఆఫీసుకు చేరి ఉండవచ్చు. ఏ ఇంటికి ఎంత పన్ను, ఎన్ని అంతస్తులు, ఎన్ని నల్లాలు అన్నవన్నీ ఆ కాగితాల్లో ఉంటాయి. ట్యాంకు ఏ మూల ఉంది, ఎంత లోతు, అడుగుందా లేదా, చివరిసారి ఎప్పుడు తోడారు అన్న గడులు మాత్రం ఉండవు. చేతులు మారిన ప్రతిసారీ మారనిది ఆ ఖాళీ ఒక్కటే.

కలిసిపోతే అన్నీ వస్తాయని ఊళ్లలో ఆశ ఉంటుంది. ఆ ఆశకు మన నగరంలోనే ఒక పాత లెక్క ఉంది. 2007 ఏప్రిల్‌లో అల్వాల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి లాంటి 12 శివారు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని చేశారు. ఆ శివారు సర్కిళ్ల మురుగు బాధ్యత హైదరాబాద్ జలమండలి చేతికి వచ్చింది 2021 అక్టోబరులో. మధ్యలో పద్నాలుగేళ్లకు పైగా మురుగు నీరు జీహెచ్‌ఎంసీది, మంచినీరు జలమండలిది. రెండు ఆఫీసుల మధ్య తిరిగిన కాలనీ సంఘాలవాళ్లను అడిగితే ఆ పద్నాలుగేళ్ల రుచి చెబుతారు. 2025 డిసెంబరు విలీనంతో నగర విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్ల నుంచి రెండు వేలు దాటింది. ఈ శివారుకు ఏ కార్పొరేషన్ పేరు తగిలించినా, భూగర్భ డ్రైనేజీ పైపు ఇంటి ముందుకు వచ్చే రోజు దాకా ఈ ఇళ్లన్నిటికీ దిక్కు పెరట్లోని గుంతే.

ఆ రోజు ఎంత దూరంలో ఉందో చెప్పడానికి ఇంకో లెక్క. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మొదలైన ఆలోచన 1931 నాటికి 54 చదరపు కిలోమీటర్లలో, 4.68 లక్షల మందికి సరిపడే మురుగు పైపుల వ్యవస్థగా తేలింది. నగరం ఆ తర్వాత పెరిగిందంతా ఆ వ్యవస్థ వెనుక పరుగెత్తడమే. 2021లో 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. మంచిదే. అయితే శుద్ధి కేంద్రం కట్టడం ఒక ఎత్తు, గల్లీ గల్లీ తవ్వి ఇంటింటి పైపును దానికి కలపడం ఇంకో ఎత్తు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో మురుగు పైపుకు కలిసినవి 32.7 శాతం, సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడ్డవి 38.2 శాతం. “రేపో మాపో డ్రైనేజీ పడ్తది” అనుకుంటూ తాత్కాలికంగా తవ్విన గుంతలే ఈ దేశపు అసలు డ్రైనేజీ.

ప్లాటు మూల నుంచి మూలకు

సెప్టిక్ ట్యాంకుకు నియమాలు లేవని కాదు. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 అనే కోడును 1963లోనే తెచ్చింది, 1985లో సవరించింది. దాని ప్రకారం ట్యాంకు వెడల్పు 75 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నీటి మట్టం కింద లోతు కనీసం ఒక మీటరు ఉండాలి. పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగింతలు ఉండాలి. అయిదుగురు ఉండే ఇంటికి, రెండేళ్లకోసారి తోడే లెక్కన, మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు చాలు. అంటే సుమారు 1,125 లీటర్లు. మన మేస్త్రీలు తవ్వే గుంతల ముందు ఇది బొమ్మలా కనిపిస్తుంది. పెద్దదైతే మంచిదని, ఎంత లోతుంటే అంత కాలం బండి పిలవనక్కర్లేదని మనవాళ్ల నమ్మకం. కోడు చూసేది నీరు ఎంతసేపు నిలిచి తేరుకుంటుందన్నది. మేస్త్రీ చూసేది ఎన్నేళ్లు నిండకుండా ఉంటుందన్నది.

ఈ 1,125 లీటర్లను నేటి మేడ్చల్ ఇంటికి అన్వయించి చూడండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అన్నది పట్టణ నీటి సరఫరా ప్రమాణం. అందులో నూటికి ఎనభై వంతులు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల లెక్క. అయిదుగురు మనుషులు, రోజుకు 540 లీటర్లు. ట్యాంకులో నీరు రెండు రోజులు నిలుస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ ఇల్లు సొంతానికి కట్టుకున్న గ్రౌండు ఫ్లోరుతో ఆగలేదు. పైన రెండు పోర్షన్లు, ఆ పైన రెండు, మీద పెంట్‌హౌస్. కళాశాలల చుట్టూ హాస్టళ్లు, పరిశ్రమల చుట్టూ ఒక్కో గదిలో నలుగురైదుగురు. అదే ట్యాంకు మీద పాతిక మంది పడితే రోజుకు 2,700 లీటర్లు. నీరు నిలిచేది పది గంటలు. బురద దిగేలోపే వెనుక నుంచి వచ్చే నీరు దాన్ని నెట్టేస్తుంది. పై అంతస్తు వేసినప్పుడు పన్ను పెరిగింది, కరెంటు మీటర్లు పెరిగాయి. ట్యాంకు పెరగలేదు, ఎందుకంటే దాన్ని పెంచమని అడిగే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

దీనికి తోడు నీళ్లొచ్చాయి. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీటిని నగరానికి తెచ్చే పైపులైను మేడ్చల్ వైపు ఘన్‌పూర్ రిజర్వాయరు మీదుగానే వస్తుంది. 2015 తర్వాత, ఆ వెనుక ఔటర్ దాకా విస్తరించిన పథకాలతో, బోరు ఎండితే ట్యాంకరు కోసం ఎదురుచూసిన కాలనీలకు నల్లాలు వచ్చాయి. నీళ్లు రావడాన్ని ఎవరు కాదంటారు? పొదుపుగా పోసుకున్న చెంబుల స్థానంలో షవరు, వాషింగ్ మెషీను, ఫ్లష్ ట్యాంకు చేరాయి. ఇంటికి వచ్చే నీటికి ప్రభుత్వం వందల కోట్లు ఖర్చు పెట్టింది. బయటికి పోయే నీటిని యజమానికీ మేస్త్రీకీ వదిలేసింది.

ఇప్పుడు నన్ను బాగా కలవరపెట్టిన నియమం దగ్గరికి వస్తాను. అదే కోడు రెండో భాగంలో సోక్ పిట్టు తాగునీటి వనరుకు 18 మీటర్ల కంటే దగ్గర ఉండకూడదని, నివాస భవనానికి ఆరు మీటర్ల లోపు ఉండకూడదని ఉంది. మేడ్చల్, శామీర్‌పేట వెంచర్లలో మధ్యతరగతివాడు కొనే మామూలు ప్లాటు నూటయాభై గజాలు. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు. దాని ఈ మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే వచ్చేది 54 అడుగులు. 18 మీటర్లంటే 59 అడుగులు. బోరును ఒక మూల, గుంతను ఎదురు మూల పెట్టినా నియమం తప్పుతుంది. మధ్యలో ఇల్లే కట్టకపోయినా తప్పుతుంది! ఇక పక్క ప్లాటువాడి బోరు మీ గుంతకు గోడ అవతల అయిదడుగుల్లో ఉండొచ్చు. ఆ ప్లాటు కొలతలకు ఆమోదముద్ర వేసిందీ, ఆ కోడును పాటించమని కాగితం మీద రాసిందీ ప్రభుత్వమే. ఇలాంటి చోట యజమానిని దోషిగా నిలబెట్టి జరిమానా వేస్తామనడం అన్యాయంగా తోస్తుంది. తప్పు గుంత దగ్గర కాదు, లేఅవుట్ గీసిన రోజున జరిగింది.

లేఅవుట్ బ్రోచరులో నలభై అడుగుల రోడ్లు, చెట్ల వరసలు, పిల్లల పార్కు పక్కనే “అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ” అనీ ఉంటుంది. సైటు చూడటానికి వెళ్లినవాళ్లు మ్యాన్‌హోల్ మూతలు చూసి తృప్తి పడతారు. ఆ పైపు చివర ఏముందని అడిగినవాళ్లు అరుదు. చివర ఒక ఉమ్మడి సెప్టిక్ ట్యాంకు ఉండొచ్చు, అది ఎవరి నిర్వహణలో ఉందో సంఘానికే తెలియకపోవచ్చు. వాగు గట్టు కూడా ఉండొచ్చు.

భూమి సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రాంతమంతా గ్రానైటు. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి బండ, బండలో అక్కడక్కడా పగుళ్లు. మన బోర్లకు దొరికే నీరు ఆ పగుళ్లలోదే. ఇసుక నేలలో మురుగు నీరు వడగట్టుకుంటూ దిగుతుంది. బండ పగులులో పడితే వడపోత లేదు, దారి మాత్రమే ఉంది. ఆ దారి ఎటు తిరుగుతుందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. వాన పడ్డాక బోరు నీరు వాసన వస్తోందని ఫిర్యాదు చేసే కాలనీలు ఉన్నాయి, వాసన రాని కాలనీలు ఎక్కువ. మలంలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారితే దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటితే ముందు ప్రమాదం సీసా పాలు తాగే పసిపిల్లలకు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మీద ఈ జిల్లా జనం ఏళ్ల తరబడి పోరాడారు, దాని వాసన కాలనీల దాకా వచ్చింది గనక. సొంత పెరటి గుంత మీద ఎవరు ధర్నా చేస్తారు?

చెరువులదీ అదే కథ. 2024 జులైలో పుట్టిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువు శిఖంలో లేచిన గోడలను కూల్చింది. గోడ కనబడుతుంది, కూల్చడానికి వీలుంటుంది. అదే చెరువులోకి కాలనీ మోరీ గుండా దిగే వందల నాలుగంగుళాల పైపులను ఏ బుల్‌డోజరు వెతుకుతుంది?

బండి ఎటు పోయింది?

“అన్నా, ట్యాంకు నిండింది. బండి పంపుతవా?” ఫోను నంబరు కోసం వెతకక్కర్లేదు. కరెంటు స్తంభాల మీద, ప్రహరీల మీద, ఫ్లైఓవర్ల కింద సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. పగలో రాత్రో బండి వస్తుంది. పైపు దింపి, మోటారు వేసి, అరగంటలో పని ముగించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. ఇంటివాళ్లకు అక్కడితో కథ అయిపోయింది. ఊరికి అక్కడే మొదలవుతుంది.

ట్యాంకు నుంచి తోడిన బురద మామూలు మురుగు నీటి కంటే పది నుంచి వంద రెట్లు చిక్కనిది. ఒక్క బండిని ఆరుబయట పారబోస్తే అయిదు వేల మంది బహిర్భూమికి వెళ్లినంత కాలుష్యమని పారిశుధ్య నిపుణులు తరచూ చెబుతుంటారు. బహిరంగ మలవిసర్జన లేని ఊరని బోర్డు పెట్టిన చోటి నుంచే రాత్రి ఒక బండి బయల్దేరి ఎక్కడో వాగు దగ్గర వాల్వు తిప్పితే, ఆ బోర్డుకు అర్థం లేదు. డ్రైవరును తిట్టి లాభం కూడా లేదు. శుద్ధి కేంద్రం ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటే డీజిలు ఖర్చు, ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు, పోగొట్టుకునే తర్వాతి ట్రిప్పు, ఇవన్నీ అతని జేబులోంచే పోతాయి. దగ్గర్లో, ఉచితంగా, ప్రశ్నలు అడగకుండా దింపుకునే చోటు ఉంటే ఎవడూ కావాలని వాగు వెతుక్కోడు.

ఇందులో దేశానికి దారి చూపింది తెలంగాణ ఊరే. కేంద్రం మల బురద నిర్వహణ మీద జాతీయ విధానం ప్రకటించింది 2017 ఫిబ్రవరిలో. దానికి ఏడాది ముందే, 2016లో, వరంగల్ మహానగరపాలక సంస్థ ఈ విషయం మీద సొంతంగా నిబంధనలు తెచ్చింది. దేశంలో ఒక నగరం అలా చేయడం అదే మొదటిసారి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా దానికి సాంకేతికంగా తోడు నిలిచింది. బండి నడిపేవాళ్లు లైసెన్సు తీసుకోవాలి, తోడింది చెప్పిన చోటే దింపాలి. మరుసటి ఏడాది బురద శుద్ధి కేంద్రమూ వచ్చింది. బెంగళూరు అంచున దేవనహళ్లిలో చిన్న కేంద్రం 2015లోనే మొదలైంది, అదీ మనలాంటి శివారే. హైదరాబాద్ జలమండలి కూడా ట్యాంకర్లను నమోదు చేసి కొన్ని మురుగు శుద్ధి కేంద్రాల్లో దింపుకునే ఏర్పాటు చేసింది. 14420కి గానీ, 155313కి గానీ ఫోను చేస్తే నమోదైన బండి వస్తుంది. స్తంభం మీది నంబరు గుర్తున్నంతగా ఈ నంబరు ఎందరికి గుర్తుందన్నది వేరే సంగతి.

కానీ గమనించండి, ఈ నియంత్రణంతా బండి మీద. లైసెన్సు బండికి, జరిమానా బండికి, జీపీఎస్ బండికి. బండిని అసలు పిలవని ఇంటి మీద ఏమీ లేదు. నిండిన ట్యాంకుల యజమానులే వ్యవస్థకు కనబడతారు. పదిహేనేళ్లుగా నిండని ట్యాంకు యజమాని, అంటే అందరికంటే ఎక్కువగా నేలను పాడుచేస్తున్నవాడు, ఆ లెక్కలోకే రాడు.

మూత కింద

బండి పైపు అందని చోట, అడుగున బురద గట్టిపడ్డ చోట ఇప్పటికీ మనిషిని దించే ఇళ్లున్నాయి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అది పిలిపించిన ఇంటివాళ్లకూ వర్తిస్తుందని చాలామందికి తెలియదు. 2021 నవంబరులో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ట్యాంకులో దిగిన ఇద్దరు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. ఐటీ కారిడార్ నడిబొడ్డున, యంత్రాలకు కొదవ లేని నగరంలో.

మూసి ఉన్న ట్యాంకులో పేరుకునేది మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు. రెండోదానికి కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుంది కాబట్టి తెలిసిపోతుందని అనుకుంటారు. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే ప్రమాదం తగ్గిందని కాదు, పెరిగిందని. మొదటివాడు పడిపోతే రక్షించడానికి రెండోవాడు దిగడం, అతనూ పోవడం ఈ మరణాల్లో పదే పదే కనిపిస్తుంది.

చేతులతో మలం ఎత్తే పనికి వ్యతిరేకంగా దేశమంతా తిరిగిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగు బిడ్డ. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆయన నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పది లక్షల పరిహారం ఖరారు చేసింది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. 2017లో జలమండలి దళిత పారిశ్రామికవేత్తల చేతికి డెబ్బై చిన్న జెట్టింగ్ యంత్రాలను అప్పగించింది, ఇరుకు గల్లీల్లోకి దూరే బండ్లవి. అవి పైపుల కోసం. పెరటి గుంతల దాకా ఆ ఏర్పాటు రాలేదు.

అదే 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో ఒక వింత జరిగింది. కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా ఒక మరుగుదొడ్డి గుంతలోకి దిగి, చేతులతో ఎరువు తీసి చూపించారు. అది రెండు గుంతల మరుగుదొడ్డి. ఒకటి నిండాక దాన్ని మూసి రెండోది వాడతారు. ఏడాదికి పైగా ఆరితే మొదటి గుంతలోది మట్టిలాంటి ఎరువవుతుంది. ఊళ్లో, స్థలం ఉన్న ఇంట్లో, నీటి మట్టం లోతున్న చోట ఇంతకంటే మంచి పద్ధతి లేదు. స్వచ్ఛ భారత్ కింద కట్టినవాటిలో చాలా చోట్ల రెండో గుంత మిగల్లేదు. శామీర్‌పేట లాంటి ఊరు నగరమయ్యేటప్పుడు మొదట పోయేది ఆ రెండో గుంతకు కావలసిన నాలుగు గజాల నేలే.

రశీదు

మరి మున్సిపాలిటీ ఏం చేయాలి? అధికారులను అడిగితే తనిఖీ అంటారు, జరిమానా అంటారు. కానీ తెలంగాణలో 2020 నవంబరులో టీఎస్-బీపాస్ పేరుతో వచ్చిన విధానం కింద 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. 600 గజాల లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. లంచాల బెడద తగ్గించే దారిగా అది మంచి మార్పే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే ట్యాంకు కూడా యజమాని మాట మీదే. తనిఖీకి వచ్చినవాళ్ల టేపు సెట్‌బ్యాకులు కొలుస్తుంది. అప్పటికి గుంత పూడ్చి, పైన పార్కింగ్ టైల్సు వేసి ఉంటారు. మూత ఎక్కడుందో మూడేళ్ల తర్వాత బండివాడికి కూడా దొరకదు. ఒక్క పాతిక పైసల మార్పు చేయొచ్చు ఇక్కడ: స్లాబు వేయకముందు ట్యాంకు అడుగు కనబడేలా ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే తప్ప నివాసయోగ్యతా పత్రం రాదని పెట్టడం. జీపీఎస్ ఫోటోలు ఉపాధి హామీ పనులకే తీయిస్తున్నాం, ఇంటి ట్యాంకుకు తీయించలేమా?

పాత ఇళ్లకు దారి వేరు. మహారాష్ట్ర సతారా జిల్లాలో వాయి అనే చిన్న పట్టణం 2018లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ట్యాంకు నిండిందని ఇంటివాళ్లు పిలిచేదాకా ఆగదు. మూడేళ్లకోసారి వీధి వరసన మున్సిపాలిటీ పంపే బండి వస్తుంది, చెత్త బండి వచ్చినట్టు. దాని ఖర్చును పారిశుధ్య పన్నుగా కలిపి తీసుకుంటుంది. విడిగా అప్పటికప్పుడు బండికి వేలు పెట్టే బెంగ ఇంటికి ఉండదు. ఊరికి మరో లాభం కూడా ఉంది. బండి ఇంటికి వెళ్లిందంటే మూత ఎక్కడుందో, అడుగుందో లేదో, పైపు మోరీలో ఉందో తెలిసిపోతుంది. తోడడమే తనిఖీ అయిపోతుంది.

ఐర్లాండ్ దీన్ని వేరేగా చేయబోయి చేతులు కాల్చుకుంది. పల్లె ఇళ్ల మురుగు గుంతలను పట్టించుకోవడం లేదని 2009లో యూరప్ కోర్టు ఆ దేశాన్ని తప్పుపట్టింది. 2012లో ప్రతి ట్యాంకునూ నమోదు చేసుకోవాలని చట్టం తెచ్చారు. పల్లెలు భగ్గుమన్నాయి. పట్నం వాళ్ల మురుగుకు ప్రభుత్వం పైపులు వేస్తుంది, మా గుంతకు మాత్రం మేం ఫీజు కట్టాలా అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మొదట్లో నమోదయ్యేవాళ్లకు యాభై యూరోల బదులు అయిదే తీసుకుని ప్రభుత్వం సర్దుకుంది. మేడ్చల్‌లోనూ ఇదే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా.

అమెరికాలోని మనవాళ్లలో కొందరికి ఇంకో పద్ధతి అనుభవం. మసాచుసెట్స్‌లో బోస్టన్ చుట్టుపక్కల పట్టణాల్లో ఇల్లు కొన్నవాళ్లకు “టైటిల్ 5” తెలియకుండా ఉండదు. సెప్టిక్ వ్యవస్థ ఉన్న ఇల్లు చేతులు మారేటప్పుడు దాన్ని తనిఖీ చేయించి నివేదిక ఇవ్వాల్సిందే. పాడైతే బాగుచేసే ఖర్చు బేరంలోకి వస్తుంది. కొనేవాడే కాపలాదారు అవుతాడు. ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ నుంచి మార్కెట్ విలువ దాకా అన్నీ అడుగుతారు, ట్యాంకు తనిఖీ కాగితం తప్ప. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇళ్లు చేతులు మారే వేగం చూస్తే, ఆ ఒక్క కాగితం చేరిస్తే పదేళ్లలో సగం గుంతల గుట్టు బయటపడుతుంది.

నాకైతే జరిమానాతో మొదలుపెట్టడం నచ్చదు. మొదట కావలసింది తేదీ. మన కార్పొరేషన్లు ఏటా ఏప్రిల్‌లో ముందుగా ఆస్తి పన్ను కట్టినవాళ్లకు అయిదు శాతం తగ్గిస్తున్నాయి. ఆ తగ్గింపును రెండు ముక్కలు చేయమనండి. సగం పన్ను ముందుగా కట్టినందుకు, సగం గత మూడేళ్లలో ట్యాంకు తోడించిన రశీదు చూపినందుకు. ఆ రశీదు బండివాడు ఇచ్చేది కాకూడదు, జేబులో ఖాళీ పుస్తకం పెట్టుకుని రాసిచ్చేస్తాడు. బురద దింపుకున్న శుద్ధి కేంద్రం ఇంటి పన్ను నంబరు మీద ఇచ్చేదై ఉండాలి. అప్పుడు బండి వాగు దగ్గర ఆగితే ఇంటివాడికే నష్టం, ఫోను చేసి డ్రైవరును నిలదీసేది అతనే అవుతాడు. దీనికి ముందు శామీర్‌పేట వైపు ఒకటి, మేడ్చల్ వైపు ఒకటి, రాత్రీ పగలూ తెరిచి ఉండే దింపుడు చోట్లు కావాలి. అవి లేకుండా రశీదు అడగడం మొదలుపెడితే మూడో నెలకల్లా దొంగ రశీదుల ధర కూడా అవే స్తంభాల మీద కనిపిస్తుంది.